బీడు వదిలిన నేలకు ఖర్చు ఎవరిది?

యూరోపియన్ యూనియన్ తన బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు వ్యవసాయానికి ఖర్చు చేస్తుంది. అయితే ఆ సబ్సిడీకి పర్యావరణ షరతులు ఉంటాయి. 2023లో మొదలైన నిబంధనల ప్రకారం, పెద్ద రైతులు సాగుభూమిలో 4 శాతం పంట లేకుండా వదలాల్సి ఉండేది. నేల కోలుకోవాలని, పిట్టలు, తేనెటీగలు బ్రతకాలని దీని ఉద్దేశం.

కాని వందెకరాల రైతుకు నాలుగెకరాల పంట పోయేది. అప్పు వాయిదా తగ్గేది కాదు. మేలు అందరిదీ, నష్టం అతనిదీ. 2024 ఆరంభంలో రైతుల ట్రాక్టర్లు బ్రసెల్స్ వీధులను నింపాయి. ఆ ఏడాదే ఈ షరతు తొలగించి, ఇష్టపూర్వకంగా బీడు వదిలేవారికి డబ్బు చెల్లించే పద్ధతి తెచ్చారు. ఆ డబ్బు చాలకపోతే ఎవరూ వదలరు, నేలకు విశ్రాంతి ఉండదు.

నేలను కాపాడమని రైతును అడగడం న్యాయమే. ఆ ఖర్చులో మన వంతు ఎంతో కూడా మనం ఆలోచించాలి.