చంటిపాప గిన్నె

పిల్లలూ! మీ ఇంట్లో చంటిపాప వున్నదా? పాపకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలును. మంచినీళ్ళు కూడా అక్కరలేదు. కావలసిన నీరు ఆ పాలలోనే వున్నది.

ఆ తరువాత పాలు మాత్రమే చాలవు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము అప్పటికి తరిగిపోతుంది. ఇంచుమించు ఆ వేళకే మన పెద్దలు అన్నప్రాశన పెట్టారు, చూశారా! అయితే ఆ ముద్ద ఒక్కనాటితో ఆగిపోకూడదు సుమా.

పాప పొట్ట చిన్నది. పలచని పప్పుకట్టు పోస్తే నీటితోనే నిండిపోతుంది, బలం రాదు. అన్నం, పప్పు మెత్తగా మెదిపి, కాస్త నెయ్యి కలపాలి. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా వుండాలి. ఉడికించిన ఆకుకూర, గుడ్డు, అరటిపండు కూడా మెదిపి పెట్టవచ్చు. మొదట రోజుకు రెండు మూడు సార్లు, తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగు సార్లు పెట్టాలి. తల్లిపాలు రెండేళ్ళు దాటేవరకు మానిపించరాదు.

పాపకు తిండి చాలుతున్నదో లేదో దండచెయ్యి చెబుతుంది. ఆరు నెలలు మొదలు అయిదేళ్ళ వరకు ఆరోగ్య కార్యకర్తలు దానికి రంగుల పట్టీ చుట్టి చూస్తారు. కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు. అది ప్రాణాపాయం, వెంటనే వైద్యం చేయించాలి.

మరి మీరేం చేయాలి? చేతులు సబ్బుతో కడుక్కుని, తమ్ముడికో చెల్లెలికో కబుర్లు చెబుతూ నాలుగు ముద్దలు తినిపించండి!