మంచుకు లొంగని దీపస్తంభం

సముద్రంలో దీపస్తంభం కట్టే ఇంజినీరు అలల గురించి ఆలోచిస్తాడు. ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల్లో కట్టేవాడు అలలతో పాటు మంచు గురించి కూడా ఆలోచించాలి. మిషిగన్, హ్యురాన్ సరస్సులను కలిపే మాకినా జలసంధి చలికాలంలో గడ్డకడుతుంది. ఎండ ముదిరే వేళకు ఆ మంచు పలకలుగా విరిగి ప్రవాహంతో కదులుతుంది. మంచినీటి మంచులో ఉప్పునీటి ఖాళీలు ఉండవు కనుక అది సముద్రపు మంచుకన్నా గట్టిది. ఎకరాల కొద్దీ పరుచుకున్న పలక ఎంత నెమ్మదిగా వచ్చినా, ఆ బరువుకు మామూలు కట్టడం నిలవదు.

ఆ జలసంధికి తూర్పున, హ్యురాన్ సరస్సులో నీటి కింద ఒక సున్నపురాతి మెరక ఉంది. పైనుంచి కళ్ళజోడులా కనిపించే రెండు తిన్నెలు కావడంతో దాన్ని స్పెక్టకిల్ రీఫ్ అన్నారు. ఒడ్డు మైళ్ళ దూరం. షికాగో నుంచి ధాన్యం తూర్పుకు మోసే ఓడలకు దారి అటే. 1867లో రెండు ఓడలు ఆ రాళ్ళకు తగిలి పోయాక ఇక్కడ దీపం తప్పదని తేలిపోయింది.

1870లో పని మొదలైంది. నమూనా వెనక ఉన్న ముఖ్యుడు ఓర్లాండో పో, అమెరికా అంతర్యుద్ధంలో జనరల్ షెర్మన్ సేనకు ముఖ్య ఇంజినీరుగా పనిచేసినవాడు. కట్టాల్సిన చోట నీటి లోతు 11 అడుగులు. రాతి కట్టడం నేరుగా అడుగు రాతి మీద నిలబడాలంటే ముందు ఆ నీళ్ళు తోడెయ్యాలి. సరస్సు నడిమధ్య అదెలా?

పదహారు మైళ్ళ దూరంలోని స్కామన్స్ హార్బర్‌లో దుంగలతో 92 అడుగుల చదరపు చట్రం తయారుచేశారు. ఎత్తు 24 అడుగులు. 1871 వేసవిలో దాన్ని ఓడలతో లాక్కొచ్చి, రాళ్ళు నింపి ముంచారు. నడుమ వదిలిన 48 అడుగుల చదరపు ఖాళీలో అలల తాకిడి లేని నీళ్ళు దక్కాయి. అందులోకి పీపా బద్దల్లా చెక్కలు బిగించిన పెద్ద గొట్టాన్ని దించారు. దాని అంచుకూ, ఎగుడుదిగుడు రాతికీ మధ్య సందుల్లో నార తాళ్ళు కూరి, పోర్ట్‌లాండ్ సిమెంటు పోసి, పంపులతో నీళ్ళు తోడారు. ఆ అక్టోబరులో సరస్సు అడుగు బయటపడింది.

అక్కడ మొదటి వరస పడింది. ఒహాయోలోని మార్బుల్‌హెడ్ సున్నపురాయిని రెండేసి అడుగుల మందాన చెక్కి, ఒకదానికొకటి గుచ్చుకునేలా అమర్చారు. మొదటి వరసను పట్టి ఉంచిన ఒక్కో ఇనుప కడ్డీ మూడడుగుల పొడవు. అందులో 21 అంగుళాలు అడుగు రాతిలోకి దిగాయి. అడుగున 32 అడుగుల వ్యాసం. నీటి కింది 11 అడుగులు కలుపుకుని మొదటి 34 అడుగుల ఎత్తు వరకు స్తంభంలో గది లేదు, మెట్లు లేవు, అంతా రాయే. ఆ పైన తలుపు.

1872 సెప్టెంబరులో పెనుగాలి వీచింది. చట్రం మీది కూలీల బసలో తలుపులు, కిటికీలు పగిలి నీళ్ళు లోపలికి దూకాయి. ముప్పై పౌండ్ల పైచిలుకు రాయిని ఒక అల 70 అడుగుల అవతలికి విసిరింది. స్తంభం కదల్లేదు.

అసలు పరీక్ష 1874లో. దీపం పనివాళ్ళు చలికాలం ఒడ్డున గడిపి తిరిగొచ్చేసరికి స్తంభాన్ని ఆనుకుని నీటిమట్టానికి పైన 30 అడుగుల మంచుగుట్ట. తలుపు కన్నా ఏడడుగులు ఎక్కువే. గొడ్డళ్ళతో మంచు నరికి లోపలికి దారి చేసుకున్నారు. పలకలు వచ్చి స్తంభానికి గుద్దుకుని విరిగి, ఒకదానిమీదొకటి ఎక్కి, చివరికి అడుగు తిన్నెకు ఆనుకుని నిలిచిపోయాయి; తర్వాత వచ్చినవాటికి అదే అడ్డుగోడ అయింది. తనను కూల్చడానికొచ్చిన మంచునే కవచంగా మార్చుకునేంత బరువు స్తంభానికి ఉంది.

ఆ జూన్ 1న దీపం వెలిగింది. నూనెదీపం కాంతిని పట్టకాల వలయాలతో ఒక్క దిక్కుకు కూర్చే రెండో తరగతి ఫ్రెనెల్ కటకం ఓడలకు దారి చూపింది. ఖర్చు 4 లక్షల డాలర్లు దాటింది. 1972లో దీపం యాంత్రికమై, కాపలావాళ్ళు వెళ్ళిపోయారు. కటకం ఇప్పుడు ఒహాయో రాష్ట్రం టొలీడోలో ఒక మ్యూజియంలో ఉంది. దీపాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పునాది వెయ్యడానికి మాత్రం ఓర్లాండో పోకు ఒక్కటే అవకాశం దక్కింది. దాన్ని ఆయన రాతికీ, కడ్డీలకూ ఖర్చుపెట్టాడు.