కారు అద్దములకు పలుచని పొర

వేసవి మధ్యాహ్నము నందిగామ నుండి జగ్గయ్యపేట వైపు 65వ జాతీయ రహదారిపై కారులో పోవువారికి, అద్దము వెలుతురుతో పాటు వేడిమిని ఎంతగా లోనికి పంపునో వేరుగ చెప్పనక్కరలేదు. దానిని తగ్గించుటకై అద్దము లోపలి వైపున పలుచని ప్లాస్టిక్ ఫిల్ము అంటింతురు. ఫిల్ము ఎంత నల్లనిదైన అంత చల్లదనమని పలువురి నమ్మకము. అది సరికాదు. సూర్యరశ్మి తెచ్చు శక్తిలో సగమునకు దగ్గర భాగము కంటికి కనబడని పరారుణ కిరణములదే. వానిని ఆపు సిరామిక్ ఫిల్ము దాదాపు తెల్లగనే ఉండియు వేడిని తగ్గించును. వట్టి రంగు అద్దిన చౌక ఫిల్ము చీకటిని తెచ్చునంతగా చలువను తేదు. పైగా కొన్ని ఏండ్ల ఎండకు ఊదారంగునకు తిరుగును.

రాత్రివేళ దీపము లేని బండియో, దారి దాటు పశువో ఎదురైనప్పుడు ఈ చీకటి ప్రాణాంతకము కాగలదు. కావుననే 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 100వ నియమము, ముందు వెనుక అద్దములు నూటికి 70 పాళ్లు, ప్రక్క అద్దములు 50 పాళ్లు వెలుతురును పోనీయవలెనని విధించినది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఫిల్ము అంటించుటనే నిషేధించినది. 2020లో నియమము సవరింపబడిన మీదట, పరిమితికి లోబడిన ఫిల్ము తప్పు కాదని 2024లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పినది. మనవారు పని మొదలిడక పూర్వమే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

కొనునప్పుడు చిన్న లెక్క కలదు. ప్రక్క అద్దమే 75 పాళ్ల వెలుతురును పోనిచ్చునదైనచో, దానిపై 70 పాళ్ల ఫిల్ము వేయగా మిగులునది 70 కాదు. 75లో నూటికి 70 పాళ్లు, అనగా 52న్నర. 60 పాళ్ల ఫిల్మైనచో 45 మాత్రమే, నియమము తప్పినట్లే.

ఇక పనిలో ముప్పాతిక భాగము శుభ్రతయే. జగ్గయ్యపేట పరిసరము సున్నపురాతి నేల. అచటి ప్రాచీన బౌద్ధ స్తూపపు శిల్పఫలకములును ఆ జాతి రాతివే. నేటి సిమెంటు కర్మాగారములకును అదియే ఆధారము. ఆ దుమ్ము రేణువొకటి ఫిల్ము క్రింద చిక్కిన, పొక్కువలె ఎన్నటికిని నిలిచిపోవును. పొడిగుడ్డతో తుడిచితిమా, అద్దము గీతలు పడును. ముందు తడుపవలెను. ఇట్టి నేలల బావినీరు ఆరినచో తెల్లని మచ్చలు మిగులును గనుక, బ్యాటరీలకు వాడు స్వేదనజలము శ్రేష్ఠము. పని నీడలో, గాలి సోకని కొట్టములో చేయవలెను. ముంగిట కళ్లాపి చల్లినట్లు నేల తడిపిన దుమ్ము అణగును.

నీటిలో పసిబిడ్డల షాంపూ నాలుగు చుక్కలు వేసి అద్దముపై చిమ్మి, తడి ఆరక మునుపే క్రొత్త బ్లేడుతో గీకి, రబ్బరు పలకతో నీరు లాగవలెను. వెనుక అద్దములో మంచు కరిగించు సన్నని తీగలున్నచో అచట బ్లేడు తగిలింపరాదు. అద్దము తలుపులోనికి దిగు చోట రబ్బరు సందులను మరువరాదు. పని చెఱచు దుమ్ము తరచుగా అచటనే దాగియుండును.

ఫిల్ము వెనుకనున్న కాగితమువంటి పొరను ఒకరు ఒలుచుచుండగా వేరొకరు జిగురుపై షాంపూ నీరు చిమ్మవలెను. నీరు లేనిచో జిగురు తాకిన చోటనే పట్టుకొనును. నీరున్నచో ఫిల్ము జారి, సరిగా అమర్చుటకు వీలగును. తరువాత నడుమ నుండి అంచులకు నీటిని త్రోసివేయవలెను. మూడు నాలుగు దినములు అద్దము దింపరాదు. పాలవలె కనబడు నీటి మడుగులు కొన్ని వారములలో తామే ఆరిపోవును. వానిని సూదితో పొడుచు ఆత్రము కూడదు. అటుపిమ్మట అమ్మోనియా కలిసిన ద్రవములతో తుడువరాదు. జిగురును, రంగును అవి పాడుచేయును. పాత ఫిల్మును తీయవలసినప్పుడు వేడి ఆవిరి పట్టి, ఒక మూల నుండి మెల్లగా ఒలువవలెను. మిగిలిన జిగురు సబ్బునీటికి మెత్తబడును.