మూసిన గదిలో కుంపటి

కలకత్తా నగరమున, కిదిర్‌పూర్ రేవు చెంత, వాట్‌గంజ్ అను పేట గలదు. 18వ శతాబ్దమున ఆ ప్రాంతమున నౌకానిర్మాణశాలను నెలకొల్పిన హెన్రీ వాట్సన్ పేరు మీదుగా దానికా పేరు వచ్చినది. 1892లో కిదిర్‌పూర్ రేవు తెరువబడిన పిమ్మట పలు ప్రాంతముల నుండి పనివారు వచ్చి, ఆ చుట్టుపట్ల ఇరుకు సందులలో, ఒంటిగది ఇండ్లలో కాపురముండిరి. రాణీగంజ్, ఝరియా గనుల రాక్షసిబొగ్గు అందుబాటులో నుండుటచే, బొగ్గు పొయ్యి కలకత్తాలో చిరకాలము ఇంటింటి వస్తువై యుండెను. పొయ్యిని వీధిలో రాజేసి, పొగ పోయిన పిదప లోనికి తెచ్చుకొనుట వాడుక. పొగ పోయినచో అపాయము కూడ పోయినదని జనుల తలంపు. ఈ తలంపు పొరపాటు. ఎట్లు పొరపాటో చిన్న లెక్క వలన తెలియగలదు.

రసాయనిక చర్యలో పదార్థములు తోచినట్లు కలియవు. నిర్ణీతమైన పాళ్లలోనే కలియును. చర్యకు ముందున్న బరువు చర్య తరువాత కూడ అంతే యుండునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజర్ 1789లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. బొగ్గులోని ప్రధాన పదార్థము కర్బనము. 12 గ్రాముల కర్బనము 32 గ్రాముల ప్రాణవాయువుతో కలిసి మండినచో 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఏర్పడును. ప్రాణవాయువు సగమే, అనగా 16 గ్రాములే దొరికినచో, 28 గ్రాముల కార్బన్ మోనాక్సైడు ఏర్పడును. ఇది విషవాయువు. దీనికి రంగు లేదు, వాసన లేదు.

ఎఱ్ఱగా కణకణలాడు నిప్పులలో మరియొక చర్య గూడ జరుగును. అడుగున పుట్టిన బొగ్గుపులుసు వాయువు పైనున్న నిప్పుల గుండా వచ్చునప్పుడు, 44 గ్రాముల ఆ వాయువు మరి 12 గ్రాముల కర్బనమును గ్రహించి, 56 గ్రాముల కార్బన్ మోనాక్సైడుగా మారును. కనుక పొగలేని నిప్పులు కూడ విషమును పుట్టించును.

మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో 27,000 లీటర్ల గాలి పట్టును. అందులో వేయింట ఒక వంతు, అనగా 27 లీటర్ల కార్బన్ మోనాక్సైడు చేరినచో, అచ్చట కొన్ని గంటలు నిద్రించువారికి ప్రాణాపాయము కలుగును. 28 గ్రాముల ఆ వాయువు సుమారు 24 లీటర్ల చోటు నాక్రమించును. అట్లయిన 27 లీటర్లకు కావలసిన కర్బనమెంత? సుమారు 13 గ్రాములు మాత్రమే! కిలో బొగ్గు వేసిన కుంపటిలో ఇది పిడికెడు కూడ కాదు.

ఇందుకు ఖర్చగు ప్రాణవాయువు సుమారు 17 గ్రాములు. ఆ గదిలో నున్న ప్రాణవాయువు ఏడు కిలోలకు పైమాటే. కావున నిప్పు ఆరదు, దీపము మసకబారదు, నిద్రించువానికి ఊపిరాడనట్లు తోచదు. కాని రక్తమున ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్, కార్బన్ మోనాక్సైడును అంతకు రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. గాలిలో ప్రాణవాయువు నిండుగా నున్నను శరీరమునకు అందదు.

కుంపటి ప్రక్కన గిన్నెతో నీరుంచినచో విషము హరించునని కొందరు నమ్ముదురు. ఈ వాయువు నీటిలో బహు స్వల్పముగా మాత్రమే కరగును. ఆ నమ్మకము వలన రక్షణ లేదు.

వంటగ్యాసు వ్యాపించిన ఈ దినములలో సైతము, చలికాలమున కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి నిద్రించు అలవాటు దేశమున పలుచోట్ల మిగిలియున్నది. రాక్షసిబొగ్గైనను, కట్టెబొగ్గైనను లెక్క ఒక్కటే. నిద్రించు గదిలో నిప్పు ఉంచరాదు. వంట చేయునపుడు కిటికీ, తలుపు తెరచి యుంచవలెను. పడుకొనుటకు ముందు కుంపటిని ఇంటి వెలుపల పెట్టవలెను.

ఇంటిలోని వారందరికి ఒకేసారి తలనొప్పి, వికారము, తలతిరుగుట, కాళ్లు తేలిపోవుట కలిగినచో విషవాయువును అనుమానింపవలెను. వెంటనే అందరును ఆరుబయటికి రావలెను. స్పృహ తప్పినవానిని బయటి గాలిలోనికి చేర్చి, ప్రాణవాయువు ఇచ్చు సౌకర్యము గల ఆసుపత్రికి జాగు చేయక కొనిపోవలెను. తలుపు తెరచుటకు ఖర్చు లేదు. మూసియుంచిన తలుపు ఒక కుటుంబమునే బలిగొనవచ్చును.