బ్యాంకు పేరిట వచ్చు దొంగ ఉత్తరములు

గత సంవత్సరము ఒకనాటి ఉదయమున, మన పాఠశాలలో చదువుచున్న ఒక బాలిక తండ్రిగారు సెల్‌ఫోను చేతబట్టుకొని మా గదికి వచ్చిరి. "సార్, బ్యాంకు నుండి ఇంగ్లీషులో ఈమెయిలు వచ్చినది. ఏమి వ్రాసినారో చూచి చెప్పండి" అని అడిగిరి. కెవైసి వివరములు సరిగా లేవనియు, ఆ రాత్రి పండ్రెండు గంటలలోపల క్రింది లింకును నొక్కి వివరములు నింపనిచో ఖాతా నిలిపివేయబడుననియు అందులో నుండెను. కొబ్బరికాయల బేరపు సొమ్మును, కుమార్తెకు వచ్చు ఉపకారవేతనమును ఆ ఖాతాలోనే యుండుటచే ఆయన మిక్కిలి కలవరపడుచుండిరి. మేము ఇంగ్లీషు చదువగలవారమే. అయినను బ్యాంకు ముద్రయు పేరును చూచి నిజమేనని తలచి, లింకును నొక్కుటకు వ్రేలు చాచితిమి. అంతలో మొదటి పీరియడు గంట మ్రోగినది. "పాఠము ముగించుకొని వచ్చెదము, కూర్చుండుడు" అని చెప్పి తరగతికి పోతిమి.

పాఠము ముగిసిన పిమ్మట వచ్చి నెమ్మదిగా చదివి చూడగా, ఆ ఉత్తరములో ఆయన పేరు లేదు, ఖాతా సంఖ్య లేదు, పంపినవారి చిరునామాకు ఆ బ్యాంకుతో ఎట్టి సంబంధమును లేదు. మధ్యాహ్నము ఆయన బ్యాంకు శాఖకు పోయి విచారింపగా, తామట్టి ఉత్తరమును పంపలేదని వారు చెప్పిరట. ఆనాడు మమ్ములను కాపాడినది మా చదువు కాదు, బడిగంట. ఈ సంగతి తల్లిదండ్రులందఱికిని తెలియుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇట్టి మోసమునకు ఫిషింగ్ అని పేరు. చేపలు పట్టుట అను అర్థముగల ఇంగ్లీషు మాటకే స్పెల్లింగు మార్చి ఈ పేరు కల్పించిరి. 1990-2000 దశకము నడుమ, అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ ఖాతాదారుల పాస్‌వర్డులను దొంగిలించుచుండిన వారి నుండి ఇది వాడుకలోనికి వచ్చినది. మన కణ్మాయిలో గాలము వేయువాడు ఏ చేప పడునో ముందుగా ఎఱుగడు. ఎఱ వేసి కాచుకొని యుండును. అట్లే మోసగాండ్రు ఒకే ఉత్తరమును వేలమందికి, లక్షలమందికి పంపుదురు. అందుకొన్నవారిలో అనేకులకు ఆ బ్యాంకులో ఖాతాయే ఉండదు. పదిమంది తగులుకొన్నను పంపినవానికి చాలును. కావున ఉత్తరము మనకు వచ్చినంతమాత్రమున, బ్యాంకువారు మన సంగతి తెలిసియే వ్రాసినారని తలపరాదు. లింకును నొక్కినచో బ్యాంకు పుటను పోలిన పుట యొకటి తెరచుకొనును. అక్కడ మనము నింపు పేరు, పాస్‌వర్డు, ఓటిపి మొదలగునవన్నియు బ్యాంకునకు పోక దొంగ చేతికి పోవును.

ఇది ఎక్కడనో దూరదేశమున జరుగు ముచ్చట యని అనుకొనవలదు. కోవిల్‌పట్టి చేరియున్న తూత్తుకుడి జిల్లాలోనే ఇట్టి వ్యవహారమొకటి ప్రసిద్ధి కెక్కినది. తూత్తుకుడిలోని ఐసిఐసిఐ బ్యాంకు శాఖలో ఖాతాగల ఒక వ్యక్తి అబూదాబీలో ఉద్యోగము చేయుచుండెను. 2007 సెప్టెంబరులో ఆయనకు ఆ బ్యాంకు పేరిట ఒక ఈమెయిలు వచ్చినది. యూజరు పేరును పాస్‌వర్డును తెలుపనిచో ఖాతా లేకుండ పోవునని అందులోని బెదిరింపు. ఆయన నిజమని నమ్మి బదులు వ్రాసెను. తరువాత చూచుకొనగా 6 లక్షల 46 వేల రూపాయలు మఱియొక సంస్థ ఖాతాలోనికి పోయియుండెను. ఆ సంస్థవారు అందులో 4 లక్షల 60 వేలను ముంబయిలోని శాఖలో చెక్కు ద్వారా తీసికొనిరి. మిగిలినది ఖాతాలోనే యుండెను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద తమిళనాడు ప్రభుత్వపు ఐటీ శాఖ కార్యదర్శి ఈ ఫిర్యాదును విచారించెను. బ్యాంకు తగిన జాగ్రత్తలు తీసికొనలేదని తేల్చి, 12 లక్షల 85 వేల రూపాయలు ఆయనకు చెల్లింపవలెనని 2010 ఏప్రిలులో ఉత్తరువిచ్చెను. బ్యాంకు అప్పీలునకు పోగా వ్యవహారము మఱి కొన్ని సంవత్సరములు సాగినది. చదువుకొని విదేశమున ఉద్యోగము చేయుచున్నవాడే మోసపోయెనని మనము గ్రహింపవలెను. బదులు వ్రాయుటకు పట్టినది కొన్ని నిమిషములు, న్యాయము కొఱకు పట్టినది ఏండ్లు.

మనవంటివారికి ఈ అపాయము కొంత హెచ్చు. మనము ఇంట తెలుగును, అంగడిలో తమిళమును మాటలాడుదుము. బ్యాంకు ఉత్తరము ఇంగ్లీషులో వచ్చును. ఇంగ్లీషు ఉత్తరము అనగానే సర్కారు తాఖీదు వలె దానికొక అధికారము కలదని మనము తలతుము. తెలియలేదని పదిమందిలో అడుగుటకు సిగ్గుపడి, అర్థము కాకున్నను నొక్కువారు కొందఱు గలరు. మోసగానికి కావలసినవి ఈ రెండే: మన భయమును, మన తొందరయును. అందుచేతనే అట్టి ఉత్తరములలో "నేటి రాత్రిలోపల", "ఇరువదినాలుగు గంటలలో" అను గడువు తప్పక యుండును. గడువును, బెదిరింపును ఒకచోట కనబడినప్పుడు, ముందు ఫోను ప్రక్కన బెట్టుడు.

ఇక గుర్తించు విధము చెప్పెదము. మొదట పంపినవారి చిరునామాను చూడవలెను. పైన కనబడు పేరును ఎవరైనను తమ యిష్టము వచ్చినట్లు వ్రాసికొనవచ్చును. చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాత నున్న భాగమే ముఖ్యము. దానిని చివరనుండి వెనుకకు చదువవలెను. ఈ విషయములో ఇటీవల మనకొక మంచి ఆధారము దొరికినది. మన దేశపు బ్యాంకులన్నియు తమ వెబ్‌సైటులను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియు చిరునామాలకు 2025 అక్టోబరు 31 లోపల మార్చవలెనని రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరము ఏప్రిలులో ఉత్తరువిచ్చినది. ఈ చిరునామాలను నమోదు చేయునది హైదరాబాదులోని ఐడిఆర్‌బిటి అను సంస్థ. బ్యాంకులకు తప్ప ఇతరులకు వీనిని ఇయ్యరు. స్టేటు బ్యాంకు చిరునామా 'ఎస్‌బిఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియును. 'ఎస్‌బిఐ' అని మొదలై చివర వేఱొక మాటతో ముగియుచున్నచో అది బ్యాంకు వాకిలి కాదు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అను అక్షరములు ప్రక్కప్రక్కన చేరినప్పుడు ఎమ్ వలె కనబడును. ఇట్టి మాయలను కూడ కనిపెట్టవలెను.

అయినను చిరునామా ఒక్కటియే చాలదు. నేర్పరులైన దొంగలు పంపినవారి చిరునామాను సైతము అసలుదానివలె కనబడజేయుదురు. ఉత్తరములో కనబడు లింకు మాటలు ఒకటియై, అది తీసికొనిపోవు చోటు వేఱొకటి కావచ్చును. వెబ్ పుటపై తాళపు గుర్తు కనబడినదని నమ్మరాదు. నడుమ ఇతరులు చదువలేరని మాత్రమే దాని అర్థము, లోపల కూర్చున్నవాడు మంచివాడని కాదు. కావున అన్నిటికంటె క్షేమమైన మార్గము ఒకటి కలదు. ఉత్తరములోని లింకును ఎన్నడును నొక్కవలదు, అందులోని ఫోను నంబరునకు పిలువవలదు. బ్యాంకు చిరునామాను మీరే టైపు చేసి చూడుడు. లేదా పాసుపుస్తకముపై నున్న నంబరునకు పిలువుడు. లేదా శాఖకు పోయి అడుగుడు. పాస్‌వర్డు, పిన్ సంఖ్య, ఓటిపి, కార్డు వెనుకనున్న మూడంకెల సంఖ్య, వీనిని ఏ బ్యాంకును అడుగదు. అడిగినవాడు బ్యాంకు మనిషి కాడు.

ఇంత చెప్పినను ఎవరైన మోసపోవచ్చును. అప్పుడు చేయవలసినది దీనికి పూర్తిగా విరుద్ధము. ముందు ఎంత నిదానమో, తరువాత అంత త్వరపడవలెను. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను, తమిళములో చెప్పవచ్చును. బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపుదల చేయింపవలెను. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టలులో ఫిర్యాదు వ్రాయవలెను. వచ్చిన ఉత్తరమును చెఱుపక ఉంచవలెను. దొంగిలిన సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు పోవుచుండును. ఎక్కడనైన ఇంకను నిలిచియున్నచో బ్యాంకులు దానిని ఆపగలవు. తూత్తుకుడి వ్యవహారములో కొంత సొమ్ము ఖాతాలోనే మిగిలియుండుట చూచితిమి గదా!

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వెలువరించిన నియమములు కూడ ఇందుకు అనుగుణముగానే యున్నవి. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక మూడవవారి వలన సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు నుండి సమాచారము అందిన పిమ్మట మూడు పనిదినములలో తెలిపినచో నష్టము ఖాతాదారునిది కాదు. రహస్యములు తానే చెప్పిన పక్షమున, బ్యాంకునకు తెలుపు వఱకు కలిగిన నష్టము తానే భరింపవలెను. తెలిపిన తరువాతి నష్టము బ్యాంకుది. కాబట్టి నాలుగు గోడల నడుమ సిగ్గుతో దాచికొన్న ప్రతి గంటయు మన సొమ్మునకే నష్టము. మోసపోవుట నేరము కాదు, మోసగించుటయే నేరము. సమాచార సాంకేతిక చట్టపు 66డి విభాగము ప్రకారము దానికి మూడు సంవత్సరముల వఱకు జైలుశిక్ష కలదు.

చివరగా మన పిల్లలను గూర్చి ఒక మాట. ఎన్నో యిండ్లలో ఇంగ్లీషు చదువగలిగినది ఎనిమిదవ తరగతి బాలుడో బాలికయో మాత్రమే. తల్లిదండ్రులు ఫోనును వారి చేతికిచ్చి, "ఏదో చూచి నొక్కు" అని తమ పనికి పోవుదురు. బిడ్డకు అక్షరము తెలియును గాని లోకము తెలియదు. పెద్దలకు లోకము తెలియును గాని ఆ అక్షరము తెలియదు. ఇద్దఱును కలసి కూర్చుండి చదివినచో ఆ కొఱత తీరును. బిడ్డ చదివి అర్థము చెప్పవలెను, నొక్కవలెనా వలదా యని పెద్దలు నిర్ణయింపవలెను. తెలియకుండ నొక్కినట్లు బిడ్డ వచ్చి చెప్పినచో కోపింపవలదు. కోపించినచో రెండవసారి చెప్పదు.

సందేహము కలిగిన ఏ ఉత్తరమునైనను బడికి తీసికొనిరండు, సిగ్గుపడనక్కఱలేదు. మేమును ఒకనాడు వ్రేలు చాచినవారమే. చదివి అర్థము చెప్పుదుము. మీ పిన్ సంఖ్యను మాత్రము మాకును చెప్పవలదు.