మీకు తెలుసా? ఆ ‘టక్ టక్’ ఎక్కడిది?

స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ కారు ముందు చక్రం దగ్గర ‘టక్ టక్’ వినిపిస్తే చాలామంది షాక్ అబ్జార్బర్‌నే అనుమానిస్తారు. తరచూ అసలు దొంగ దాని పక్కనే ఉండే స్టెబిలైజర్ లింక్ అనే సన్నని కడ్డీ. దాని చివరనున్న బాల్ జాయింట్ అరిగితే చిన్న గుంతకే చప్పుడు. చదునైన నేల మీద ఇంజన్ ఆపి, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి, చక్రం వెనక చెయ్యి పెట్టి లింకును ఊపండి, లూజు తెలిసిపోతుంది.

షాక్ అబ్జార్బర్ పాడైతే బండి ఎక్కువసేపు ఊగుతుంది. స్ప్రింగ్ ఊపును లోపలి నూనె సాయంతో వేడిగా మార్చడమే దాని పని. అందుకే గతుకుల రోడ్డు మీద కాసేపు తిరిగొచ్చాక నాలుగు షాక్ అబ్జార్బర్లలో మూడు వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటే ఆ ఒక్కదాని పని అయిపోయినట్టే! (చెయ్యి కాల్చుకోకండి.) దాని మీద నూనె కారిన జిడ్డుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

స్టీరింగ్ తిప్పినప్పుడు ‘టంగ్’మంటే స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉన్న భాగం) పైనున్న మౌంట్ చూడాలి.

షాక్ అబ్జార్బర్లను ఎడమా కుడీ కలిపే మార్చాలి. స్ట్రట్ విప్పి బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు ఒక అంచున అరిగిపోతాయి.