సముద్రం దాటే చిన్న విమానం

బ్రిస్టల్ నుంచి నేరుగా అమెరికా వెళ్లే విమానం ఒకటుండేదంటే ఇప్పుడు చాలామంది నమ్మరు. కాంటినెంటల్ సంస్థ 2005లో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు మొదలుపెట్టి, 2010లో ఆపేసింది. బెల్‌ఫాస్ట్ నుంచి నెవార్క్ వెళ్లే సర్వీసు కూడా 2017 జనవరిలో పోయింది. ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం ఇస్తానన్న 90 లక్షల పౌండ్ల సాయానికి యూరోపియన్ కమిషన్ అడ్డు చెప్పడంతో దాన్ని నడిపే యునైటెడ్ సంస్థ తప్పుకుంది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ రూట్లన్నిటినీ బతికించింది బోయింగ్ 757. ఒకటే నడవా, ఎకానమీలో అటు మూడు సీట్లు, ఇటు మూడు. మూడొందల సీట్ల విమానం రోజూ నిండేంత గిరాకీ ఇలాంటి ఊళ్లలో ఉండదు. 170 మందితో అట్లాంటిక్ దాటే ఈ విమానమైతే గిట్టుబాటయ్యేది. కానీ దాని తయారీ 2004లోనే ఆగింది. ఉన్నవి పాతబడ్డాయి, ఇంధనం ఎక్కువ తాగుతాయి.

ఆ లోటు తీర్చగలదని నేను నమ్ముతున్నది ఎయిర్‌బస్ ఎ321ఎక్స్‌ఎల్‌ఆర్. ఇదీ ఒకే నడవాదే. పొట్ట వెనకభాగంలో అదనపు ఇంధన ట్యాంకు పెట్టారు, 8,700 కిలోమీటర్ల దాకా పోగలదు. 2024 నవంబరులో ఐబీరియా దీన్ని మాడ్రిడ్ నుంచి బోస్టన్‌కు తిప్పడం మొదలుపెట్టింది.

బెల్‌ఫాస్ట్‌లో ఉండే మా అక్క మాత్రం ఈలోగా బస్సెక్కి డబ్లిన్ వెళ్తోంది. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ విమానం ఎక్కకముందే అయిపోతుంది. "దిగగానే క్యూ ఉండదురా, అదొక్కటే సుఖం" అంటుంది.